బాలల సాఫ్ట్‌బాల్‌లో పిచింగ్ శిక్షణ

బాలల సాఫ్ట్‌బాల్‌లో పిచింగ్ శిక్షణ అనగా సుమారు 7 నుండి 14 సంవత్సరాల వయసు గల పిల్లలకు సాఫ్ట్‌బాల్ ఆటలో బ్యాటర్‌కు బంతి విసిరే విధానాన్ని క్రమపద్ధతిలో నేర్పడం. ఈ ఆటలో బంతి విసిరే వారిని పిచర్ అంటారు. క్రికెట్‌లో బౌలర్ చేతిని తల మీదుగా తిప్పి, సాధారణంగా బంతి నేలపై పడి లేచేలా వేస్తాడు. సాఫ్ట్‌బాల్ పిచర్ చేతిని కిందినుండి ముందుకు ఊపి, బంతి నేలను తాకకుండా నేరుగా బ్యాటర్ వద్దకు చేరేలా విసురుతుంది. వేగంగా విసిరే ఫాస్ట్‌పిచ్ ఆటలో చేయి భుజం చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. గాలిమర రెక్కలా తిరుగుతుంది కనుక దీనికి విండ్‌మిల్ పద్ధతి అని పేరు వచ్చింది.

ఆటలోని ప్రతి ఘట్టమూ పిచర్ చేతి నుండే మొదలవుతుంది. ఆమె బంతిని సరైన చోటికి విసరలేకపోతే బ్యాటర్లు కొట్టే పని లేకుండానే మొదటి బేస్‌కు నడిచిపోతారు, మిగిలిన ఎనిమిది మంది ఫీల్డర్లు ఊరకే నిలబడవలసి వస్తుంది. అందువలన బాలల జట్లలో పిచింగ్ నేర్పడం శిక్షకులకు మొదటి అవసరం, అన్నిటికంటె కష్టమైన పని కూడా.

చేయి కిందినుండి ఊపి విసరడం శరీరానికి సహజమైన కదలిక అనీ, దాని వలన భుజానికి హాని లేదనీ చాలాకాలం పాటు నమ్మేవారు. ఈ నమ్మకం వలన ఒకే బాలిక చేత రోజంతా పిచింగ్ చేయించడం అలవాటయింది. 1990ల నుండి జరిగిన పరిశోధనలు ఈ అభిప్రాయం సరికాదని చూపాయి. కనుక నేటి శిక్షణలో బంతిని ఎలా విసరాలో నేర్పడంతో పాటు, ఎప్పుడు ఆపాలో నేర్పడం కూడా ముఖ్యమైన భాగంగా పరిగణిస్తారు.

నేపథ్యం

సాఫ్ట్‌బాల్ 1887లో అమెరికాలోని చికాగో నగరంలో, ఫారాగట్ బోట్ క్లబ్‌లో పుట్టింది. దీనిని రూపొందించిన వ్యక్తి జార్జ్ హాంకాక్. తొలుత ఇది చలికాలంలో గదుల లోపల ఆడుకునే బేస్‌బాల్. తరువాత ఆరుబయటికి వచ్చి పలు పేర్లతో వ్యాపించింది. సాఫ్ట్‌బాల్ అనే పేరును 1926లో వాల్టర్ హాకన్సన్ సూచించాడు. 1933లో ఏర్పడిన అమెచ్యూర్ సాఫ్ట్‌బాల్ అసోసియేషన్ అమెరికాలో నియమాలను ఏకరూపంలోకి తెచ్చింది. ఈ సంస్థ 2017 నుండి యు.ఎస్.ఎ. సాఫ్ట్‌బాల్ అనే పేరుతో వ్యవహరిస్తున్నది.

బాలికల కొరకు లిటిల్ లీగ్ సంస్థ 1974లో సాఫ్ట్‌బాల్ విభాగాన్ని ప్రారంభించింది. అంతకు రెండేళ్ల ముందు, 1972లో, అమెరికాలో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ ధనం పొందే విద్యాసంస్థలలో ఆడ, మగ వివక్ష చూపరాదన్నది ఈ చట్టం సారాంశం. దీని ఫలితంగా కళాశాలలలో మహిళల జట్లు, క్రీడా ఉపకార వేతనాలు పెరిగాయి. మంచి పిచర్‌కు కళాశాల జట్టులో చోటు దొరుకుతుందన్న ఆశ బాలల స్థాయి శిక్షణకు ఊపునిచ్చింది. అదే ఆశ కొన్ని కుటుంబాలలో ఒత్తిడికి కూడా కారణమయింది.

మహిళల సాఫ్ట్‌బాల్ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో తొలిసారిగా ప్రవేశించి 2008 బీజింగ్ వరకు కొనసాగింది. తరువాత తొలగించబడి, 2021లో జరిగిన టోక్యో క్రీడలలో తిరిగి కనిపించింది. అక్కడ జపాన్ స్వర్ణం, అమెరికా రజతం, కెనడా కాంస్యం గెలుచుకున్నాయి. 2028 లాస్ ఏంజెలెస్ క్రీడలలో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్‌లను చేర్చడానికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2023 అక్టోబరులో ముంబయి సమావేశంలో ఆమోదం తెలిపింది. క్రికెట్‌కు ఆమోదం లభించింది కూడా ఆ సమావేశంలోనే.

దూరం, బంతి

పిచర్ నిలబడే చోట 24 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు గల తెల్లని పలక నేలలో అమర్చి ఉంటుంది. దీనిని పిచర్స్ ప్లేట్ అంటారు. దాని చుట్టూ 8 అడుగుల వ్యాసార్ధంతో సున్నపు వలయం గీస్తారు. ఎదుట, బ్యాటర్ పక్కన ఉండే హోమ్ ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు. అంటే సుమారు 43 సెంటీమీటర్లు. ఈ వెడల్పు మీదుగా, సుమారుగా బ్యాటర్ చంకలకు మోకాళ్లకు మధ్య ఎత్తులో పోయే బంతిని స్ట్రైక్ అంటారు. బ్యాటర్ కొట్టబోకుండా విడిచిన బంతి ఈ హద్దు వెలుపలగా పోతే దానిని బాల్ అంటారు. మూడు స్ట్రైక్‌లకు బ్యాటర్ అవుట్ అవుతుంది. నాలుగు బాల్స్ పడితే మొదటి బేస్‌కు నడిచి వెళుతుంది.

వయసును బట్టి పిచింగ్ దూరం, బంతి పరిమాణం మారుతాయి. అమెరికాలో సాధారణంగా పాటించే కొలతలు ఇవి:

* 10 సంవత్సరాల లోపు వారికి: దూరం 35 అడుగులు (10.67 మీటర్లు), బంతి చుట్టుకొలత 11 అంగుళాలు
* 12 సంవత్సరాల లోపు వారికి: దూరం 40 అడుగులు (12.19 మీటర్లు), బంతి చుట్టుకొలత 12 అంగుళాలు
* 14 సంవత్సరాల లోపు, ఆపై వారికి: దూరం 43 అడుగులు (13.11 మీటర్లు), బంతి చుట్టుకొలత 12 అంగుళాలు

పేరులో మెత్తదనం ఉన్నా ఈ బంతి మెత్తగా ఉండదు. 12 అంగుళాల బంతి బరువు 178 నుండి 198 గ్రాములు. పురుషుల క్రికెట్ బంతి చుట్టుకొలత సుమారు 9 అంగుళాలు, బరువు 156 నుండి 163 గ్రాములు. సాఫ్ట్‌బాల్ దానికంటె పెద్దది, బరువైనది అని దీనిని బట్టి తెలుస్తుంది. ఎనిమిదేళ్ల పిల్ల అరచేతిలో ఇంత పెద్ద బంతి పట్టు చిక్కదు. కనుకనే చిన్నవారికి చిన్న బంతితో, తక్కువ దూరంతో మొదలుపెడతారు. 8 సంవత్సరాల లోపు విభాగాలలో చాలాచోట్ల పిల్లలకు బదులు శిక్షకుడు గానీ యంత్రం గానీ బంతి విసరడం ఆచారం.

ముఖ్య నియమాలు

ఫాస్ట్‌పిచ్ ఆటలో బంతిని కిందినుండి విసరాలి. బంతిని వదిలే సమయంలో చేయి తుంటి కంటె దిగువన ఉండాలి. మణికట్టు మోచేతి కంటె శరీరానికి మరీ దూరంగా పోకూడదు. చేయి గుండ్రంగా తిరగడం ఒకటిన్నర చుట్లకు మించరాదు. విసరడానికి ముందు పిచర్ పలకపై కాలు మోపి, బంతిని రెండు చేతులతో కలిపి పట్టుకొని, కదలకుండా కొద్దిసేపు నిలవాలి. ముందుకు అడుగు వేసిన తరువాత వెనుక కాలితో మరొక చోట తిరిగి నేలను తన్ని విసరడాన్ని క్రో హాప్ అంటారు. ఇది నియమ విరుద్ధం. వెనుక పాదం గాలిలోకి లేవవచ్చునా, నేలను రాసుకుంటూనే రావాలా అన్న విషయంలో సంస్థల మధ్య తేడాలు ఉన్నాయి. తమ లీగ్ నియమావళిని చూసుకొని నేర్పడం శిక్షకుని బాధ్యత.

విండ్‌మిల్ కదలిక

బంతి వేగం చేతి కండల బలం వలననే వస్తుందన్నది పొరపాటు. నేలను తన్నిన కాలినుండి పుట్టిన శక్తి తుంటికి, నడుముకు, భుజానికి, మోచేతికి, చివరగా మణికట్టుకు, వేళ్లకు చేరుతుంది. కొరడా ఝళిపించినప్పుడు పిడి దగ్గరి కదలిక నెమ్మదిగా ఉన్నా కొస అతివేగంగా కదులుతుంది. పిచింగ్‌లో చేయి కూడా అటువంటిదే. మొదటి భాగాలు వేగం తగ్గించుకుంటూ తరువాతి భాగాలకు వేగాన్ని అందిస్తాయి.

పక్షులను తోలడానికి జొన్నచేలో వడిసెల తిప్పిన వారికి మరొక విషయం సులభంగా అర్థమవుతుంది. వడిసెల ఎంత వేగంగా తిప్పినా, కొసను వదిలే క్షణం తప్పితే రాయి మరో దిక్కుకు పోతుంది. విండ్‌మిల్ పద్ధతిలో గురి అంతా వదిలే క్షణంపై ఆధారపడి ఉంటుంది.

కుడిచేతి పిచర్‌ను ఆమె కుడిపక్క నుండి చూస్తే చేతి మార్గాన్ని గడియారపు ముఖంతో పోల్చవచ్చు. చేయి 6 గంటల స్థానంలో మొదలై, ముందుకు 3 వైపు, పైకి 12 వైపు, వెనుకగా 9 వైపు తిరిగి మళ్లీ 6 వద్దకు వస్తుంది. ఇందులోని దశలు ఇలా ఉంటాయి.

* పట్టు: బంతి కుట్లకు అడ్డంగా వేళ్ల కొసలు ఆనించి, బొటనవేలిని ఎదురు వైపు ఉంచాలి. పెద్దవారు రెండు లేక మూడు వేళ్లతో పట్టుకుంటారు. చిన్న చేతులకు నాలుగు వేళ్లూ అవసరమవుతాయి. బంతి అరచేతి లోతుకు పోకూడదు.
* నిలుచుట: భుజాలు సడలించి, బరువు రెండు పాదాలపై ఉంచి, క్యాచర్ గ్లవ్‌ను చూడాలి.
* అడుగు: వెనుక కాలితో పలకను గట్టిగా తోసి, ఎడమ కాలితో హోమ్ ప్లేట్ వైపు పొడవైన అడుగు వేయాలి. చేయి పైకి లేచే సమయంలో శరీరం పక్కకు తెరుచుకుంటుంది.
* దిగుట: చేయి శిఖరాన్ని దాటి కిందికి వస్తుండగా ముందు పాదం నేలను తాకాలి. ముందు కాలు గట్టిగా నిలబడి శరీరపు దూకుడును ఆపుతుంది. ఆగిన ఆ శక్తే చేతికి చేరుతుంది.
* వదులుట: చేయి తుంటి పక్కకు వచ్చినప్పుడు ముంజేయి తుంటిని తేలికగా రాసుకుంటుంది. ఆ క్షణాన మణికట్టు విదిలించి బంతిని వదలాలి.
* ముగింపు: వదిలిన తరువాత చేయి సహజంగా ముందుకు సాగి నెమ్మదించాలి. ఉన్నపళాన ఆపకూడదు.

ముగింపు విషయంలో శిక్షకులలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. అరచేతిని హోమ్ ప్లేట్ వైపు తిప్పి, వదిలిన తరువాత మోచేతిని ముఖానికి ఎదురుగా పైకి ఎత్తాలని చాలామంది నేర్పారు. దీనిని హలో ఎల్బో అని వాడుకలో పిలిచారు. అయితే మేటి పిచర్ల వీడియో దృశ్యాలను నెమ్మదిగా తిప్పి చూసినవారు, వారి ముంజేయి వదిలే క్షణంలో లోపలివైపు తిరుగుతున్నదనీ, మోచేయి ఎత్తడం వారిలో కనిపించడం లేదనీ గమనించారు. ఈ రెండవ పద్ధతికి ఇటీవలి కాలంలో ఆదరణ పెరిగింది. ఏ పద్ధతి నేర్పినా, బంతి వదిలిన తరువాత జరిగే కదలికకు బంతిని మార్చే శక్తి లేదు. పిల్లలను బలవంతంగా ఒక భంగిమలో నిలపడం కంటె వదిలే క్షణం వరకు జరిగేదానిని సరిదిద్దడం ముఖ్యం.

శిక్షణ క్రమం

అనుభవజ్ఞులైన శిక్షకులు తరచు చివరి నుండి మొదటికి నేర్పుతారు. మొదటి రోజే పూర్తి చుట్టు తిప్పమంటే పిల్లలు చేతిని చూసుకుంటారే తప్ప బంతిని ఎప్పుడు వదలాలో గ్రహించలేరు. అక్షరాలు దిద్దిన తరువాతనే గుణింతం నేర్పినట్లు, ఇక్కడ కూడా ఒక మెట్టు కుదిరిన తరువాతనే మరొక మెట్టు ఎక్కించాలి.

మొదటి మెట్టు మణికట్టు విదిలింపు. బాలిక తన గురికి 5 లేక 6 అడుగుల దూరంలో నిలబడి, చేతిని తుంటి పక్కనే ఉంచి, మణికట్టు, ముంజేయి కదలికతోనే బంతిని విసురుతుంది. బంతి వేళ్ల మీదుగా దొర్లి తిరుగుతూ పోవాలి. ఈ తిరుగుడు కనిపించడానికి కొందరు బంతిపై రంగు చార గీస్తారు. ఇంట్లో అయితే మేజోళ్లను ఉండగా చుట్టి గోడకు విసరడం చాలు. గోడకు దెబ్బ తగలదు, పిల్లకు భయం ఉండదు.

రెండవ మెట్టులో చేయి వెనుకగా 9 గంటల స్థానం నుండి కిందికి వచ్చి బంతిని వదులుతుంది. మూడవ మెట్టులో చేయి తలపైన, 12 గంటల స్థానం నుండి బయలుదేరుతుంది. కాళ్లు అప్పటికే విడిగా, పక్కకు తిరిగి ఉంటాయి. నాలుగవ మెట్టులో పూర్తి చుట్టు వస్తుంది కానీ అడుగు ఉండదు. ఐదవ మెట్టులో అడుగును కలుపుతారు. ప్రతి మెట్టు వద్ద దూరాన్ని కొద్దిగా పెంచుతారు. పూర్తి దూరానికి చేరడానికి కొందరికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. అందులో తొందరపడవలసినది లేదు.

పిచర్స్ ప్లేట్ మధ్య నుండి హోమ్ ప్లేట్ మధ్యకు నేలపై ఒక గీత గీయడం మంచి అలవాటు. దీనిని పవర్ లైన్ అంటారు. చేతి చుట్టు, అడుగు, వెనుక పాదం రాపిడి ఈ గీత వెంటనే సాగుతున్నాయో లేదో పిల్ల తానే చూసుకోగలదు. శిక్షకుడు మాటిమాటికి చెప్పనవసరం లేకుండా నేలే చెబుతుంది.

వేగం ముందా, గురి ముందా అన్న ప్రశ్నకు శిక్షకులందరూ ఒకే జవాబు చెప్పరు. గురి కోసం చేతిని మెల్లగా తిప్పించడం అలవాటయితే, తరువాత వేగం పెంచినప్పుడు కదలిక మొత్తం మారిపోయి నేర్చినదంతా వృథా అవుతుంది. అందువలన కదలిక చురుకుగా ఉండాలనీ, దూరాన్ని తగ్గించి గురి సాధించాలనీ చాలామంది సలహా ఇస్తారు.

ఒక సాధన గంటకు పైగా సాగనవసరం లేదు. చిన్నవారికి 20 నుండి 30 నిమిషాలు చాలు. ముందుగా తేలికపాటి పరుగు, చేతులు భుజాల కదలికలు చేసి ఒళ్లు వేడెక్కించాలి. ఒకసారికి ఒక్క అంశాన్నే దిద్దాలి. మోచేయి, మోకాలు, అడుగు, చూపు అన్నీ ఒకేసారి చెప్పితే పిల్ల దేనినీ పట్టుకోలేదు.

సాధారణ లోపాలు

బంతి ఎక్కడికి పోయిందో చూసి ఏ లోపం జరిగిందో చాలావరకు ఊహించవచ్చు. చేయి తుంటిని చేరకముందే వదిలితే బంతి నేలకు కొడుతుంది. తుంటి దాటి ముందుకు వచ్చిన తరువాత వదిలితే బంతి బ్యాటర్ తలపై నుండి పోతుంది. కుడిచేతి పిచర్ చేయి కిందికి వచ్చేటప్పుడు వీపు వెనుకకు పోతే బంతి ఆమె కుడివైపుకు పోతుంది. శరీరానికి దూరంగా తిరిగి అడ్డంగా వస్తే బంతి ఎడమవైపుకు పోతుంది.

నడుము వద్ద ముందుకు వంగడం పిల్లలలో ఎక్కువగా కనిపించే మరొక లోపం. బలమంతా పెట్టాలన్న ఆత్రుతతో వారు తల ముందుకు చాస్తారు. అప్పుడు ముందు కాలు శరీరాన్ని ఆపలేదు, భుజంపై భారం పెరుగుతుంది. దీనికి విరుగుడుగా, విసిరిన తరువాత రెండు క్షణాల పాటు తూలకుండా నిలబడమని చెప్పుతారు. నిలబడగలిగితే సమతూకం కుదిరినట్లే. మోచేతిని కర్రలా బిగించి తిప్పడం కూడా లోపమే. చేయి పొడవుగా ఉండాలి కానీ బిగుసుకోకూడదు.

బంతి రకాలు

పిల్లలు తొలుత నేర్వవలసినది ఫాస్ట్‌బాల్ ఒక్కటే. అది హోమ్ ప్లేట్ రెండు అంచులకు నమ్మకంగా చేరిన తరువాత చేంజ్‌అప్ నేర్పుతారు. ఇందులో చేతి వేగం అలాగే ఉండి, పట్టు మార్చడం వలన బంతి మాత్రం నెమ్మదిగా పోతుంది. 35 అడుగుల దూరం నుండి గంటకు 64 కిలోమీటర్ల వేగంతో విసిరిన బంతి సుమారు 0.6 సెకనులో బ్యాటర్‌ను చేరుతుంది. ఆ లెక్కకు అలవాటు పడిన బ్యాటర్, చేంజ్‌అప్ వచ్చినప్పుడు ముందుగానే బ్యాట్ తిప్పి మోసపోతుంది. దీని వలన భుజంపై అదనపు భారం పడదు కనుక చిన్నవారికి ఇది అనువైనది.

తరువాత నేర్పేది చివరలో కిందికి దిగే డ్రాప్ బాల్. పక్కకు తిరిగే కర్వ్, స్క్రూ బంతులు, పైకి లేచినట్లు కనిపించే రైజ్ బాల్ మొదలైనవి ఇంకా పెద్దయిన తరువాత నేర్వవలసినవి. మూల కదలిక కుదరకముందే వీటిని నేర్పితే పిల్లలు మణికట్టును, మోచేతిని మెలితిప్పడం అలవాటు చేసుకుంటారు.

గాయాలు, విశ్రాంతి

విండ్‌మిల్ పద్ధతిలో బంతిని వదలడానికి ముందు చేయి భుజపు కీలు నుండి బయటకు లాగబడుతుంది. ఈ లాగుడు తలమీదుగా విసిరే బేస్‌బాల్ పిచర్ల భుజంపై పడే దానితో పోల్చదగినంత ఉంటుందని జీవయాంత్రిక పరిశోధనలలో తేలింది. చేతి పైభాగంలోని బైసెప్స్ కండరం, దాని స్నాయువు ఈ భారాన్ని అధికంగా మోస్తాయి. అందువలన భుజం ముందు భాగంలో నొప్పి ఈ పిచర్లలో తరచుగా వస్తుంది. ముంజేయి, మోచేయి, నడుము నొప్పులు కూడా కనిపిస్తాయి. ఎదిగే వయసులో ఎముకల కొసల వద్ద ఇంకా గట్టిపడని పెరుగుదల పలకలు ఉంటాయి కనుక పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

ఆట నిర్మాణం కూడా ఈ ప్రమాదానికి తోడవుతుంది. క్రికెట్‌లో ఒకే బౌలర్ వరుసగా రెండు ఓవర్లు వేయకూడదు. సాఫ్ట్‌బాల్‌లో అటువంటి నియమం లేదు. జట్టులో ఒక్క బాలికకే స్ట్రైక్‌లు పడుతుంటే ఆమే మొదటి నుండి చివరి వరకు విసురుతుంది. శని, ఆదివారాలలో జరిగే టోర్నమెంట్లలో ఒకే రోజున రెండు మూడు ఆటలు ఉండటం మామూలు. గెలుపు కోసం శిక్షకుడు ఆమెను దించడు. ఆమె కూడా నొప్పి ఉందని చెప్పడానికి వెనుకాడుతుంది. తోటివారిని నిరాశపరచకూడదన్న భావం పిల్లలలో బలంగా ఉంటుంది.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాన్ పిచర్ యుకికో ఉయెనో రెండు రోజులలో మూడు ఆటలాడి 413 బంతులు విసిరి తన జట్టుకు స్వర్ణ పతకం సాధించి పెట్టింది. ఈ సాహసాన్ని తరచుగా ఆదర్శంగా చెబుతుంటారు. అప్పటికి ఆమె వయసు 26 సంవత్సరాలు, శరీరం పూర్తిగా ఎదిగినది, వెనుక ఏళ్ల తరబడి సాధన ఉన్నది. పదేళ్ల పిల్లకు అది కొలబద్ద కాజాలదు.

బేస్‌బాల్‌లో లిటిల్ లీగ్ సంస్థ 2007 నుండి బంతుల సంఖ్యకు హద్దు విధించింది. సాఫ్ట్‌బాల్‌లో అటువంటి లెక్క అంత సులభంగా ప్రవేశించలేదు. అమెరికాలోని క్రీడావైద్యుల సంఘం చేపట్టిన స్టాప్ స్పోర్ట్స్ ఇంజురీస్ కార్యక్రమం పిల్లల సాఫ్ట్‌బాల్ పిచర్లకు ఈ కింది హద్దులను సూచించింది.

* 8 నుండి 10 సంవత్సరాలు: ఒక ఆటకు 50 బంతులు, రోజుకు 80
* 10 నుండి 12 సంవత్సరాలు: ఒక ఆటకు 65 బంతులు, రోజుకు 95
* 13, 14 సంవత్సరాలు: ఒక ఆటకు 80 బంతులు, రోజుకు 115
* 15 సంవత్సరాలు, ఆపైన: ఒక ఆటకు 100 బంతులు, రోజుకు 140

ఇవి సలహాలే కానీ నియమాలు కావు. కనుక బంతులు లెక్కించే బాధ్యత శిక్షకునిపైనా తల్లిదండ్రులపైనా ఉంటుంది. ఆటకు ముందు వేసే సాధన బంతులు కూడా భుజానికి భారమే అని గుర్తుంచుకోవాలి. ఏడాది పొడవునా ఒకే ఆట ఆడించకుండా కొన్ని నెలలు పిచింగ్‌కు విరామం ఇవ్వడం మంచిది. విరామంలో ఈత, పరుగు వంటి వేరే ఆటలు ఆడవచ్చు. భుజం నొప్పి రాత్రి నిద్రలో కూడా బాధించడం, విసిరే తీరు ఉన్నట్టుండి మారడం, చేయి పైకెత్తలేకపోవడం వంటి లక్షణాలు కనిపిస్తే పిచింగ్ ఆపించి వైద్యునికి చూపించాలి. నొప్పి మందు ఇచ్చి ఆడించడం తగదు.

మరొక ప్రమాదం బ్యాట్ నుండి వస్తుంది. అడుగు వేసి విసిరేసరికి పిచర్ తన పలక కంటె ముందుకు వచ్చి ఉంటుంది. గట్టిగా కొట్టిన బంతి నేరుగా ఆమె ముఖం వైపు రావచ్చు. అందుకని పిచర్లు ముఖానికి కంచె వంటి ఫీల్డర్ మాస్క్ ధరించడం మేలు. బంతిని వదిలిన వెంటనే గ్లవ్‌ను ముందుకు తెచ్చి సిద్ధంగా నిలబడటం శిక్షణలో భాగం కావాలి.

మానసిక అంశాలు

వలయం మధ్యలో నిలబడిన బాలిక మీదనే అందరి చూపులూ ఉంటాయి. ఫీల్డర్ చేసిన పొరపాటు ఒక క్షణంలో మరుగున పడుతుంది. పిచర్ వరుసగా నలుగురిని నడిపిస్తే ఆ కొన్ని నిమిషాలు ఆమెకు చాలా దీర్ఘంగా తోస్తాయి. కన్నీళ్లు పెట్టుకోవడం, ఇక ఎన్నడూ పిచింగ్ చేయననడం ఈ వయసులో అరుదు కాదు.

ఇందుకు శిక్షకులు కొన్ని ఉపాయాలు పాటిస్తారు. మొదటి సంవత్సరంలో ఫలితం బట్టి కాక ప్రయత్నం బట్టి మెచ్చుకోవడం వాటిలో ఒకటి. ప్రతి బంతికి ముందు ఒక చిన్న అలవాటు, అనగా ఊపిరి పీల్చి వదలడం, బంతిని వేళ్లతో సర్దుకోవడం వంటిది నేర్పితే మనసు పాత బంతి నుండి కొత్త బంతికి మళ్లుతుంది. ఒక ఇన్నింగ్స్ మాత్రమే విసిరించి, అది ముందుగానే చెప్పి దించడం మరొక ఉపాయం. అప్పుడు దిగిపోవడం శిక్షగా తోచదు. జట్టులో కనీసం ముగ్గురు, నలుగురికి పిచింగ్ నేర్పితే ఒక్కరిపై భారం పడదు, ఒక్కరి భుజం పాడవదు.

క్యాచర్ పాత్ర కూడా ఇక్కడ ముఖ్యమే. అదుపు తప్పిన బంతులను ఓపికగా ఆపే క్యాచర్ ఉంటే పిచర్‌కు ధైర్యం కలుగుతుంది. ఇంటి వద్ద ఈ పని తరచు తండ్రికో తల్లికో పడుతుంది. బోర్లించిన బకెట్‌పై కూర్చొని, గ్లవ్ పట్టుకొని, సాయంత్రం వేళ కూతురు విసిరే బంతులు పట్టే తల్లిదండ్రులు అమెరికా పట్టణాలలో సాధారణంగా కనిపించే దృశ్యం. వారు కూడా మాస్క్ ధరించడం క్షేమకరం. పట్టే వారు ప్రతి బంతికీ సలహా చెప్పకుండా, పది బంతులకు ఒక మాట చెప్పితే చాలునని శిక్షకులు అంటారు.

భారతదేశంలో

భారతదేశంలో సాఫ్ట్‌బాల్‌కు జాతీయ సంఘం 1961లో ఏర్పడింది. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల ద్వారా ఈ ఆట ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ పాఠశాలలకు కూడా చేరింది. ఇక్కడ బాలురు, బాలికలు ఇరువురూ ఆడతారు. చాలామంది పిల్లలు క్రికెట్ చూస్తూ పెరిగినవారు కనుక వారికి పిచింగ్ నేర్పేటప్పుడు రెండు అలవాట్లను మాన్పించవలసి ఉంటుంది. పరుగెత్తుకొని వచ్చి వేయడం మొదటిది, బంతిని నేలపై పడేలా వేయడం రెండవది. అయితే గురిపై దృష్టి నిలపడం, పట్టు మార్చి బంతిని తిప్పడం వంటివి క్రికెట్ నుండి వారికి లాభించే అంశాలు. ఖరీదైన యంత్రాలు లేకపోయినా, గోడపై సుద్దతో గీసిన చతురస్రం, నేలపై గీసిన గీత, కొలిచిన దూరం ఉంటే మొదటి మెట్లన్నీ పాఠశాల ఆవరణలోనే నేర్పవచ్చు.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు తమ ఊరి లీగ్‌లలో ఈ ఆట ఆడుతుంటారు. ఆట తమకు కొత్త అయిన తల్లిదండ్రులు పై వయోవిభాగాలు, దూరాలు, బంతుల హద్దులు తెలుసుకొని ఉంటే, పిల్ల ఎంత విసరాలో శిక్షకునితో నిస్సంకోచంగా మాట్లాడగలుగుతారు.

ప్రసిద్ధ పిచర్లు

* జోన్ జాయిస్ (అమెరికా): 1960లలో ప్రదర్శన పోటీలలో బేస్‌బాల్ దిగ్గజం టెడ్ విలియమ్స్‌కు బంతులు విసిరి ప్రసిద్ధి పొందింది.
* లీసా ఫెర్నాండెజ్ (అమెరికా): 1996, 2000, 2004 ఒలింపిక్స్‌లలో స్వర్ణం గెలిచిన జట్ల సభ్యురాలు.
* జెన్నీ ఫించ్ (అమెరికా): 2004లో స్వర్ణం, 2008లో రజతం గెలిచిన జట్ల సభ్యురాలు.
* మోనికా అబాట్ (అమెరికా): 2012లో గంటకు 77 మైళ్ల (సుమారు 124 కిలోమీటర్ల) వేగంతో బంతి విసిరి రికార్డు నెలకొల్పింది.
* యుకికో ఉయెనో (జపాన్): 2008, 2021 సంవత్సరాలలో స్వర్ణ పతకాలు గెలిచిన జట్ల పిచర్.

ఇవి కూడా చూడండి

* సాఫ్ట్‌బాల్
* బేస్‌బాల్
* క్రికెట్
* వేసవి ఒలింపిక్ క్రీడలు
* వ్యాయామ విద్య